సంబంధం అనే గడి

డార్విన్ నుంచి చిన్న విమానం వారానికి రెండుసార్లు.
వానాకాలంలో అదీ దైవాధీనం.
ఆ దీవిలో, రేకుల కప్పు కింది ఆసుపత్రిలో
నా పని ఫారాలు నింపడం.
పేరు. వయసు. ఊరు.
నాలుగో గడి: రోగితో సంబంధం.

ముసలాయన్ని స్ట్రెచర్ మీద తెచ్చిన రోజు
వెనకే మర్లీన్ వచ్చింది,
కాళ్ళకి ఇంకా మడచెట్ల బురద, చేతిలో పీతల బుట్ట.
ఆమెని అడిగాను, ఈయన మీకేమవుతారని.
ఒక మాట అంది. పొడుగాటి మాట,
మధ్యలో ఎక్కడో నాలుక మడతపడింది.
డెస్మండ్ మందుల అలమర సర్దుతూ
వెనక్కి తిరక్కుండానే చెప్పాడు:
"అది పేరు కాదు, పని.
మా పెద్దవాళ్ళ భాషలో నాన్న అంటే క్రియ.
ఆయన ఆమెని... ఎలా చెప్పను...
తండ్రిస్తున్నాడు."

తండ్రిస్తున్నాడు.
కళ్ళు మూసుకుని,
ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో,
ఏ పనీ చెయ్యలేక
ఆ ఒక్క పనీ చేస్తూనే ఉన్నాడు.

గడి చిన్నది. ‘తండ్రి’ అని రాశాను.
సాయంత్రం డార్విన్ నుంచి ఫోన్:
కన్నతండ్రేనా?
కాదు, తండ్రికి అన్న.
అయితే కొట్టేసి ‘అంకుల్’ అని రాయి.
కొట్టేశాను.
సిగ్గేసింది కూడా,
పెదనాన్నలో నాన్నని దాచుకున్న భాష నాది.

ఆ రాత్రి గాలివాన. కరెంటు లేదు.
పడుకుని మా మాటలకి తోకలు తగిలించి చూశాను.
అత్తిస్తోంది. మేనమామించాడు.
ఇంకా అక్కించకే నన్ను, నాకూ నలభై దాటాయి.
అమ్మని క్రియ చేద్దామని పోతే
అమ్మడం వచ్చి కూర్చుంది, బేరానికి.
చీకట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

తర్వాత నవ్వు ఆగింది.
నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం:
బళ్ళో బెత్తం భయానికి వల్లించిన అయిదు డబ్బాలు.
లోకమంతా వాటిలో పట్టేస్తుందనుకున్నాను.
ఎవరి ఇంటి సామానుకి కొలిచి చేయించారో!
మేమూ ‘ఏమవుతారు’ అనే కదా అడుగుతాం.
ప్రశ్నలో క్రియ పారుతూనే ఉంటుంది,
జవాబులోకి వచ్చేసరికి పేరై గడ్డకడుతుంది.
‘నేను కూతుర్ని.’
చివర ఆ చిన్న ‘ని’ ఉందే,
నడవబోయి ఆగిపోయిన కాలు అది.

మార్చి నెలాఖరున విమానంలో పెట్టె దిగింది.
ఆయన పేరు ఇక ఎవరూ పలకరు.
అదే పేరున్న పడవ కుర్రాణ్ణి కూడా
నిన్నటి నుంచి వేరే ఏదో అని పిలుస్తున్నారు.
ఫారం కొత్తది. నాలుగో గడి పాతదే.
నాకు అడగబుద్ధి కాలేదు.
మర్లీనే అంది, అదే మాట.
అదే కాదు. మొదలు అదే.
చివరికొచ్చేసరికి ఏదో కుంగింది,
మెట్టు ఉందనుకుని వేసిన అడుగులాగ.
డెస్మండ్ వంక చూశాను.
"భూతకాలం," అన్నాడు. అంతే.

మా నామవాచకానికి కాలం లేదు.
ఉన్నప్పుడూ నాన్నే, పోయాకా నాన్నే.
అది వరమో, ఒప్పుకోలేని మొండితనమో
నాకిప్పటికీ తేలలేదు.

వరండాలో మర్లీన్ కూతురు, ఏడో నెల,
గ్లాసులోంచి ఐసు ముక్క తీసి నములుతోంది.
లోపలున్న బిడ్డకి ఈ పిల్ల ఏ కాలంలో తల్లవుతుందో
డెస్మండ్‌ని అడగాలి. ఇవాళ కాదు.

పెన్ను తీశాను.
ఆయన ఆమెని తండ్రించాడు, చాలా ఏళ్ళు,
అని రాశాను. గడి చాల్లేదు.
గీత దాటి, సంతకం చోటు మీదుగా
కాగితం అంచుదాకా పోయింది అక్షరం.
డార్విన్ నుంచి ఫోన్ వస్తుంది.
రానీ.